ఒకటికి ఇరవై నాలుగు

పగలు పళ్ళు చేస్తాను.
డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు, ఏసీ లేని ల్యాబు,
పేర్ల చీటీలు కట్టిన ఎవరెవరివో దవడలు.
రాత్రి అదే బల్ల మీద, అదే డ్రిల్లుతో
ఒక హెరాల్డ్ కారు.

మోంటే కార్లో గెలిచిన మినీ, లె మాన్ గెలిచిన నీలం ఫోర్డు
డబ్బాల్లో వస్తాయి, ఓపికుంటే అతికించుకోవడమే.
షెల్ఫులో ఉన్నాయి రెండూ.
జ్ఞానాపురం ఇన్నాసి మేస్త్రి కారు
ఏ దేశం డబ్బాలోనూ రాదు.
అందుకే కట్టుడు పళ్ళ గులాబీ ఆక్రిలిక్‌తో బాడీ పోశాను.
మొదటి వారమంతా అది
చిగుళ్ళు బయటపెట్టి నవ్వింది.
టైర్లకి ఇరవై ఎం.ఎల్. సిరంజిలోని నల్ల రబ్బరు,
ముందద్దానికి మాత్రల అట్ట.

డెబ్బై ఒకటి, ఫిబ్రవరి.
మద్రాసులో పుట్టిన బండిని
పుట్టింటి మీదికే పందేనికి తోలుకెళ్ళాడు మేస్త్రి,
లారీ ఎక్కించి కాదు, దాని చక్రాల మీదే.
తునిలో పంక్చరు, ఒంగోల్లో ఫ్యాను బెల్టు,
నెల్లూర్లో అప్పు.
షోలవరంలో, విమానాలు వదిలేసి పోయిన కాంక్రీటు పక్కన
నాలుగు బోల్టులు విప్పి టాపు తీసేశాడు,
భోజనానికి కూర్చునేవాడు తలపాగా తీసినట్టు.
బంపర్లు, వెనకసీటు, సైలెన్సరు చెట్టు కింద కుప్ప.
కుప్పకి కాపలా తమ్ముడు.
మూడో రౌండులో గాస్కెట్టు పోయింది.
కొత్తది వేసి, అన్నీ మళ్ళీ బిగించుకుని
దాన్నే నడుపుకుంటూ ఇంటికొచ్చేశాడు.

ఇంతే. ఎక్కడా రాసి లేదు.
ఫొటో ఒక్కటుంది, కుడివైపుది, నలుపు తెలుపు.
తలుపు మీది అంకెకి అడ్డంగా
ఎవడో బన్ను తింటూ నిలబడ్డాడు.
ఏడో, పదిహేడో, డెబ్బయ్యో.
మూడు నెలలు వాణ్ణి తిట్టుకున్నాను.

నా స్కేల్లో లెక్క కడితే
మద్రాసు అనకాపల్లిలో ఉంటుంది,
మేస్త్రి నా చూపుడువేలంత.
పోర్టు నుంచి లేచే బొగ్గుపొడికి మాత్రం స్కేలు తెలీదు.
తడి రంగు మీద వాలిందా, ఒక్కో నలుసు
ఆ కారుకి ఆవగింజంత.
కిటికీకి తడిపిన దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి,
ఊపిరి బిగబట్టి కొట్టాను రంగు.
రెండువేల నంబరు కాగితంతో రుద్దాను.
నాలుగు పొరలు. అద్దం.

ఆదివారం పూజ అయ్యాక పట్టుకెళ్ళాను.
శుక్లాలు ముదిరిన కళ్ళు. చూడలేదు, తడిమాడు.
బొటనవేలు బానెట్టు మీద జారింది,
ఆగింది, మళ్ళీ జారింది.
"ఇది నా బండి కాదమ్మా.
ఇంత నున్నగా నాదెక్కడిది?
షిప్‌యార్డులో మిగిలిన రంగు, కుంచెతో కొట్టినాను.
గీతలేవి? గీతలు తగలాల గదా!"
ఎడమ తలుపు దగ్గర వేలు వెతికింది.
"ఈ పక్క సొట్టుండాల. తునికాడ ఎద్దు."
వంటింట్లోంచి వాళ్ళావిడ గొంతు:
"ఎద్దేటి? పంచరన్నావు గదా!"

తర్వాత చాలాసేపు ఎద్దు గురించే నడిచింది.
మధ్యలో దూరి నంబరు అడిగాను.
"నంబరా? ఏటో మరి.
లోపల కూకున్నోడికి అగుపడదు గదా."

కిందికి వంగి, గచ్చు మీద పెట్టి, ముందుకి తోశాడు.
కదల్లేదు.
చక్రాలు జిగురేసి అతికించేశాను నేను,
షెల్ఫులో నిలకడగా ఉంటుందని.
ఆయన ఏమీ అనలేదు.
ఇంకోసారి తోశాడు.

రాత్రి. డ్రిల్లుకి డిస్కు బిగించి ఇరుసులు కోస్తున్నాను.
సొట్టకి మైనం గరిటె దీపం మీద వేడెక్కుతోంది.
కుంచెలో ఒక్క వెంట్రుక ఉంచి మిగతావన్నీ పీకేశాను.
దుప్పటి తీసేశాను, కిటికీ తెరిచే ఉంది.
పొద్దున్న పదింటికి ఇవ్వాల్సిన పళ్ళసెట్టు ఒకటి
బల్ల చివర నోరు తెరుచుకుని
చూస్తోంది.