బోణీ

రేపు పదిన్నరకి బ్రాడీపేట 4/14లో ఇంటర్వ్యూ.
నీళ్ల ఫిల్టర్లు అమ్మే కంపెనీ.
జీతం పన్నెండు వేలు, పెట్రోలు వేరే.
టార్గెట్ దాటితే ఎంతిస్తారో చెప్పలేదు,
దాటకపోతే ఏం చేస్తారో కూడా.

వారం నుంచీ అద్దానికి అమ్ముతున్నాను.
"నమస్తే మేడమ్, రెండే రెండు నిమిషాలు."
అద్దం కొనదు.
పక్కవాటా భ్రమరాంబత్తకి అమ్మబోయాను.
మొత్తం విని, కాఫీ ఇచ్చి,
"ఇప్పుడు మా బిందెకేమొచ్చిందే?" అంది.
దానికి జవాబు నోట్సులో ఉంది, నోట్లో లేదు.

స్తంభాలగరువులో ఖాళీ స్థలం చూసుకుని
షకీల స్కూటీ మీద ఎనిమిదులు తిప్పాను.
'టూ వీలర్ తప్పనిసరి' అని ప్రకటనలో ఉంది.
మోకాళ్ల సంగతి రాయలేదు.

ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టాను.
మీ బలం? ఓపిక.
మీ బలహీనత? అతి ఓపిక.
(ఇది షకీల వాళ్లన్న చెప్పాడు,
పోయినేడు ఇదే చెప్పి మందుల కంపెనీలో దూరాడు.)
ఈ పెన్ను నాకు అమ్మండి.
అమ్ముతా. మూత కొరికేసి ఉన్నా అమ్ముతా.
ఇంతకుముందు ఏమైనా అమ్మిన అనుభవం?

ఇక్కడే ఆగిపోతాను, ప్రతిసారీ.

ఉంది.
ఎనిమిదేళ్లప్పుడు, సంగడిగుంటలో,
నెలనెలా ఏడో తారీకు సాయంత్రం
కలర్ టీవీ వాయిదా కోసం
ఖాజావలి గారి మోపెడ్ మా సందు మలుపులో దగ్గేది.
నాన్న మంచం కింద దూరేవాడు కాదు, అంత చిన్నతనం లేదాయనకి.
వంటింట్లో బియ్యం డబ్బా పక్కన
పీట మీద కూర్చునేవాడు, చప్పుడు కాకుండా.
అమ్మ నా జడ సర్ది గుమ్మంలోకి తోసేది.

"నాన్న ఇంట్లో లేడండీ."

కళ్లలోకి చూసే చెప్పేదాన్ని.
గొంతు వణికేది కాదు, చేతులు నలుపుకునేదాన్ని కాదు.
రేపు వాళ్లు ట్రైనింగులో నేర్పేవన్నీ
నాకప్పుడే వచ్చు.

ఆయన ముందు నా మొహం చూసేవాడు.
తర్వాత గడప పక్కన, నాన్న చెప్పులు.
ఎడమదానికి వారు తెగితే పిన్నీసు పెట్టిన చెప్పులు,
గుంటూరు మొత్తమ్మీద అలాంటి జత ఇంకోటుండదు.
"సరేనమ్మా, వచ్చాక చెప్పు" అని
పుస్తకంలో ఏదో గీసుకుని
మోపెడ్‌ని నాలుగు తొక్కులు తొక్కి పోయేవాడు.

నా బోణీ బేరం ఆయనే.
బాగా అమ్మాననుకున్నాను ఇన్నేళ్లూ.
ఆయన తెలిసే కొన్నాడని,
ఆ సరుకు ఖరీదు
ఒక్కో నెల తన జేబులోంచే కట్టాడేమోనని
ఈ వారమే తట్టింది, అద్దం ముందు, దువ్వెన చేతిలో ఉండగా.

ఉద్యోగం వస్తే ఇక నేనుండేది గడపకి అవతల.
బెల్లు కొడతాను.
లోపల టీవీ గొంతు సన్నబడుతుంది.
ఏ పిల్లో తలుపు జానెడు తీసి
"అమ్మ లేదండీ" అంటుంది,
వెనక కుక్కరు మూడో కూత పెడుతుంటే.
ఆ పిల్లకేం చెప్పాలో తెలీక
నోట్సులో ఒక పేజీ ఖాళీగా వదిలాను.

ఇదంతా పైకే చదువుతున్నానని చూసుకోలేదు.
వరండాలో నాన్న నా కొత్త చెప్పులు తుడుస్తున్నాడు,
తుడవాల్సినంత దుమ్మేం లేదు వాటికి.
తలెత్తకుండా,
"అనుభవం ఉందనే చెప్పవే" అన్నాడు.

యార్డుకి పోయే మిరపకాయల లారీ
సందు చివర మలుపు తిరిగినట్టుంది,
ఇద్దరం ఒకేసారి తుమ్మాం.
"ఒంటి తుమ్ము కాదులే" అంది అమ్మ
ఇస్త్రీపెట్టె మీద నీళ్లు చిలకరిస్తూ,
"మంచిదే."