శేషం

కనుమ మీద మంచు విరిగిపడింది. దారి మూసేశారు.
మా ముందు పద్దెనిమిది లారీలు.
వెనకవి లెక్కపెట్టలేదు.
జుమాదిల్ పాత ఆడీ కారులో నేనూ, దిద్దాల్సిన పరీక్ష పేపర్లూ,
వెనక సీట్లో బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్న
నలభై ఎనిమిది టర్కీ కోడిగుడ్ల పొదుగుపెట్టె.

సుసామీర్‌లో ఎవరో ఎదురుచూస్తున్నారట వాటికోసం.
వాటికి ఎనభై వాట్ల వెచ్చదనం చాలు.
నా సీటు కింద ఇన్వర్టరు
బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటు చేసి
వాటికి పడుతోంది,
నిద్రలో మనిషిలా సన్నగా మూలుగుతూ.

నా సంచిలో కెటిల్ ఉంది.
"ఒక్క గ్లాసుడు టీ," అన్నాను ప్లగ్గు చేతికి తీసుకుని.
"ఎజే," అన్నాడు, అక్కని పిలిచినట్టు,
"లెక్కల టీచరు కదా.
వెయ్యిన్నూట వాట్లని పన్నెండుతో భాగించండి."

నూట పాతిక.

"నూట పాతిక ఆంపియర్లు, చిటికెన వేలంత లేని తీగలో.
డబ్బా మంచిదైతే ముందే కళ్ళు మూసుకుంటుంది.
ఇది సంతలో కొన్నది.
దీని మంచితనం మీద నేను పందెం కాయను.
తీగ కాగుతుంది, తొడుగు కారుతుంది,
ఆ తర్వాత మనకి టీ సంగతి గుర్తుండదు."

ముప్ఫై ఏళ్ళు భాగహారం చెప్పాను.
శేషం పొగగా మిగలొచ్చని
ఏ పాఠంలోనూ లేదు.

నా కోటు జారి డబ్బా మీద పడింది.
పసిపిల్ల మొహమ్మీంచి దుప్పటి తీసినట్టు
గబుక్కున లాగేశాడు.
"దానికీ ఊపిరాడాలి."

గంటకి ఇరవై నిమిషాలు ఇంజను.
వేసే ముందు ప్రతిసారీ పార పట్టుకుని దిగుతాడు,
కారు వెనక పొగగొట్టం చుట్టూ మంచు తవ్వుతాడు,
మీసాలు తెల్లగా చేసుకుని వచ్చి
కిటికీ వేలెడు దించుతాడు.
నా భుజం మీద మంచు రాలుతోందని సణిగాను.
"ఆ గాలికి రంగుండదు, వాసనుండదు.
నిద్రలాగే వస్తుంది."

ఎవరికి వచ్చిందని అడగలేదు.
పార పిడికి గుడ్డ చుట్టి ఉంది,
ఎర్ర పూల శాలువా ముక్క.

తొమ్మిదింటికి ముందు లారీవాడు
స్టవ్వు మీద కాచిన టీ తెచ్చాడు.
గ్లాసు ఆ వేలెడు సందులో పట్టలేదు.
ముగ్గురం నవ్వాం.
తలుపు తెరిస్తే చలి లోపలికి దూకింది,
టీ సగం ఒలికింది,
మిగతా సగం లాంటిది మళ్ళీ తాగలేదు.

అర్ధరాత్రి దాటాక చప్పుడు.
టిక్.
కాస్త ఆగి, టిక్.
జుమాదిల్ లేచి కూర్చున్నాడు.
బానెట్ ఎత్తాడు, ఫ్యూజు చూశాడు,
బ్యాటరీ క్లాంపులు బిగించాడు,
తీగ పొడవునా వేళ్ళతో తడిమాడు, ఎక్కడైనా వేడి ఉందేమోనని.
ఎక్కడా లేదు.
టిక్.

డబ్బాకి చెవి పెట్టాడు. మూలుగే.
నేను వెనక్కి వంగి టార్చి వేశాను.
మూడో వరసలో, చివరి గుడ్డు మీద
ఆవగింజంత పగులు.

"ఎల్లుండి రావలసింది," అన్నాడు, కోపంగా.
వేళ్ళు వణుకుతున్నాయి. చలికే అనుకుంటాను.

పార తీసుకుని దిగాడు.
గొట్టం దగ్గర గరగరమని తవ్వే చప్పుడు.
ఈసారి కిటికీ
నేనే దించాను.