నీలంలో కలిసిన పసుపు

తొంభై మూడేళ్ళంటే ఎంతో
ఉస్మానియా బిస్కెట్ల డబ్బా మూత తీస్తేగాని తెలియలేదు.
ఉడత వెంట్రుకల కుంచెలు నాలుగు.
ఒకదానికి మిగిలినవి మూడే వెంట్రుకలు.
పారేయబోతే ఆపేది:
"అదే పనికొస్తది, కనురెప్పలకు."

మా అమ్మ సక్కుబాయి
పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు నుంచి
ఆబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియో వెనకగదిలో కూచుని
నలుపూ తెలుపూ పెళ్ళికూతుళ్ళకు రంగులద్దింది.
జీతం నెలకు ముప్పై, హాలీ సిక్కాలో.
చీర ఏ రంగో ఎవరూ రాసిచ్చేవారు కారు.
మొగుళ్ళకు గుర్తుండదు, అత్తలకు అక్కర్లేదు.
అమ్మ బుగ్గను చూసి చీరను పోల్చుకునేది.
"ఈ పిల్ల ఏడ్చొచ్చి కూసుంది, ఎరుపు ఓర్వలేదు" అని
ఎవరికో పిస్తా రంగు కట్టబెట్టిందట.
తగువుకు వస్తారని భయపడింది.
ఆ పిల్లే వచ్చింది, ఒక్కతే,
గుప్పెడు ఖర్జూరాలు బల్లమీద పెట్టి
ఏమీ అనకుండా పోయింది.

కళ అనే మాట అమ్మ నోట నేను వినలేదు.
చూడటం ఒక్కటే.
సాలార్‌జంగ్‌లో జనమంతా
గంట కొట్టే గడియారం ముందు కాచుకుంటే
ఆమె ఒక మూల, గీసినవాడి పేరు కూడా లేని
జానెడు పటం ముందు.
అందులో ఒకడు చెయ్యెత్తి పావురాన్ని వదులుతుంటాడు.
పక్కన ఏడేళ్ళ నేను, ఆకలితో కాళ్ళు మార్చుకుంటూ.
"అమ్మా, పోదాం."
"ఆగు. వాడింకా చెయ్యి దించలె."

ఒకసారి నన్ను బళ్ళోనే మరిచింది.
పబ్లిక్ గార్డెన్స్‌లో ఏవో బొమ్మలు పెట్టారు, ఆఖరిరోజు.
దీపాలు పెట్టేదాకా చౌకీదారు స్టూలు మీద నేను.
యాభై అయిదేళ్ళు ఆ మాట దెప్పుతూనే వచ్చాను.
ప్రతిసారీ తప్పయిందనేది,
ఆ నోటితోనే,
"గా బర్రె బొమ్మ మాత్రం నువ్వు చూడాల్సుండె."

రంగుల ఫిల్ము వచ్చింది.
స్టూడియో చెప్పుల దుకాణమైంది.
అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టింది.
దారం ఒక పిసరు ముదురుగా ఉందని
రూపాయి పనికి కోఠీ దాకా మూడుసార్లు నడిచేది.
చేతిలో చిల్లర మిగిలితే రవీంద్రభారతి, చివరి వరస.
తాళం తెలియదు.
తబలా ఆయన భుజాలు చూస్తూ
"పాపం, ఇంట్ల ఏదో అయింది" అనేది.

ఎనభై నాలుగో ఏట మెహదీపట్నంలో కంటి ఆపరేషన్.
కట్టు విప్పిన పొద్దున
వరండాలో నీలం ప్లాస్టిక్ బకెట్‌ను చూసి ఏడ్చింది.
"ఇన్నేళ్ళు నా నీలంల పసుపు కలిసుండెనే!
ఎవ్వరూ చెప్పకపోతిరి."
వేసిన రంగులన్నీ తప్పాయని బాధేమో అనుకున్నాం.
ఎక్కడి బాధ!
వారం తిరగకుండానే మనవరాలు హరిణి స్కూటీ ఎక్కి కూచుంది.
"మళ్ళ మొదటి సంది చూడాలె."

ఆ పటం ఇంకా అక్కడే ఉంది.
నలభై నిమిషాలు నిలబడిందట, గోడకు చెయ్యి ఆనించకుండా.
"ఏమైందే అమ్మమ్మా?"
"దించిండు."

గోడకు పెట్టడానికి ఇప్పుడు అమ్మ ఫోటో కావాలి.
ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ దిద్దిన మనిషికి
ఉన్నది ఒక్కటే, పద్దెనిమిదేళ్ళప్పటిది,
రంగు తగలనిది.
హరిణి మూడు వెంట్రుకల కుంచెను తడిపి అడిగింది,
చీర ఏ రంగని.

తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు.
ఫోటోను కిటికీ దగ్గరికి తెచ్చుకుని
బుగ్గను చూస్తున్నాను.
పోదామంటోంది హరిణి, అన్నం చల్లారుతోందట.
ఆగవే, ఇంకా కాలేదు.