మైకు బ్యాటరీ అయిపోయిన రోజు

ఆ గల్లీకి మొదటిసారి
సీసాలో నీళ్లు పట్టుకుని పోయాను.
పసుపు రంగు, అడుగున నల్లటి నలక,
జేబులో ల్యాబు రిపోర్టు, మూడు ఎర్రగీతలతో.
పార్సీగుట్ట దిగువన, బజ్జీల బండి పక్కన
స్టూలెక్కి, మైకు నోటికి పెట్టుకుని
"ఇంకా నిద్రపోతున్నారా?" అన్నాను.

సాయంత్రం ఆరు గంటలు.
ఆ గల్లీలో ఎవరూ నిద్రపోవడం లేదు.
తెల్లారి మూడింటికొచ్చే నల్లా కోసం
అర్ధరాత్రి నుంచి బిందెలు వరస పెట్టేవాళ్లని
నేను నిద్ర లేపడానికి వచ్చాను.

ఓటుకి అమ్ముడుపోయారన్నాను.
బిర్యానీ పొట్లానికి లొంగారన్నాను.
బజ్జీల సత్తెమ్మ జల్లిగరిటె ఆపి
ఒక్కసారి నా వైపు చూసి
మళ్లీ తన నూనె వైపు చూసుకుంది.
లైన్‌మన్ జహంగీర్‌ని దొంగ అన్నాను, పేరుపెట్టి.
వాళ్లమ్మ దభాలున కిటికీ మూసింది.
ఆ చప్పుడు నాకు చప్పట్లలా వినిపించిందంటే
నా చెవుల సంగతి మీరే ఊహించుకోండి.

ధర్నాకి పదకొండు మందిమి.
తొమ్మిది మంది మావాళ్లే,
నల్లకుంట నుంచి, తార్నాక నుంచి,
మినరల్ వాటర్ సీసాలతో వచ్చినవాళ్లు.
"జనం మారరు" అనుకున్నాం, ఇరానీ చాయ్ తాగుతూ.
ఆ మాటలో ఎంత సుఖముందో!
ఓడిపోయి కూడా ఎత్తులోనే కూర్చోవచ్చు.

రెండోసారి మైకు బ్యాటరీ అయిపోయింది.
గొప్ప బుద్ధేదో పుట్టి కాదు,
చార్జింగ్ పెట్టడం మర్చిపోయాను, అంతే.
గొంతు నాలుగో ఇంటి దాకా పోవట్లేదు.
ఇక నేనే పోవాల్సి వచ్చింది.

బాలామణి గడపలో చిక్కుళ్ల ఈనెలు తీస్తోంది.
"కూసో సారూ, నిలబడి చెప్తే నాకు మెడ నొస్తది."
కూర్చున్నాను. రిపోర్టు తీశాను.
"గా కాయితం తర్వాత సూద్దాం.
మీ ఇంట్ల నల్లా ఎన్నింటికొస్తది?"

మా అపార్ట్‌మెంట్‌లో నల్లా రావడం, పోవడం ఉండదు.
తిప్పితే వస్తుంది.
ఆ ముక్క చెప్పడానికి
పదేళ్ల ఉపన్యాసాల్లో ఒక్క వాక్యమూ పనికిరాలేదు.

నవ్వింది. వెక్కిరింత కాదు.
దోసెడు చిక్కుళ్లు నా ముందుకు తోసింది.
ఈనెలు తీస్తూ విన్నాను:
వాసన వానలకి ముందే మొదలైందని,
పిల్లల వరకు కాచి పోస్తారని,
గ్యాసు అయిపోతే పాత చీర నాలుగు మడతలేసి వడగడతారని,
పైపు ఏ మోరీలోంచి పోతుందో జహంగీర్‌కి తెలుసని,
మూడుసార్లు పైకి రాసిచ్చాడని,
మూడోసారి బదిలీ చేస్తామని బెదిరించారని.

నేను దొంగ అన్నది అతన్ని.

ఆ ఇంటి ముందు ఎంతసేపు నిలబడ్డానో రాయను.
రాస్తే అదీ ఒక గొప్పే అవుతుంది.
తలుపు తీసిన ఖాజాబీ
"గంత పెద్దగ తిట్టినవ్,
మాఫీ గింత సిన్నగ అడుగుతవా బేటా?" అంది.

మర్నాడు బ్యాటరీ నింపి తెచ్చాను.
స్టూలు ఎక్కలేదు.
మైకులో అన్న మాటని మైకులోనే వెనక్కి తీసుకున్నాను.
సత్తెమ్మ చెయ్యి ఆపలేదు గానీ
స్టవ్వు మంట కొంచెం తగ్గించింది.

జలమండలి ఆఫీసుకి ఈసారి అరవై బిందెలు నడిచాయి.
నేను నోరు తెరిచేలోపే బాలామణి అంది ఇంజనీరుతో:
"నీ మీద కోపం లేదని అబద్ధమాడ సారూ, ఉన్నది.
కానీ నా కోపంతోని పైపు మారదు,
నీ దండంతోని గూడ మారదు.
ఏ రోజు మారుస్తవో గా తారీఖు రాసియ్యి,
రాసిచ్చేదాంక ఈడనే కూసుంటం."
కూర్చున్నారు. కొందరు చిక్కుళ్లు కూడా తెచ్చుకున్నారు.

పేపర్లో ఫోటో వచ్చింది.
నా భుజం సగం పడింది.
మనసు చివుక్కుమంది, దాచడమెందుకు.

సగం పైపు మారింది.
మిగతా సగం కోసం మంగళవారం మళ్లీ పోతున్నాం.
మైకు సత్తెమ్మ ఇంట్లో చార్జింగ్‌లో ఉంది.
ఎవరికిస్తుందో
ఆమె ఇంకా చెప్పలేదు.