గేటు పడ్డది

తుపాను బందరు దిక్కు తీరం దాటిందట,
మాకు మాత్రం మూడు దినాల సంది ముసురు.
డిసెంబరు ఆదివారం, తెల్లారగట్ల ఐదున్నర.
సఫిల్‌గూడ మైదానం కాడ రెండు వందల మందిమి
చేతులు చంకల దాచుకొని వణుకుతున్నం.

నా ఛాతి మీద నూటపద్దెనిమిది.
నాలుగు పిన్నీసులల్ల ఒకటి నా పైట పిన్నీసే.
స్కెచ్‌పెన్ను అంకె అప్పుడే కారుడు షురువైంది.

"పది కిలోమీటర్లమ్మా, నడుమ ఆగినా ఏం కాదు"
మైకుల అన్నడు కాలనీ సెక్రెటరీ సుదర్శనం.
నవ్వొచ్చింది.
ఇరవై రెండేండ్ల సంది కరెంటు మీటర్లు చదివేదాన్ని,
నెలకు ఎన్ని పదులు నడుస్తనో
ఆయనింటి మీటరునడుగు, చెప్తది.

విజిల్.

మొదటి మూల తిరగంగనే రోడ్డు లేదు.
పైపులైనుకు తవ్వి, పూడ్చి, మళ్ల తవ్విన ఎర్రమట్టి,
నానిన అటుకుల లెక్క. పట్టుకుంటది, ఇడ్సిపెట్టది.
ముందటి పోరడి మడిమెల నుంచి లేసిన బురద
నా పెదవుల మీద.
తుప్పుపట్టిన గ్లాసుల నీళ్ల రుచి.

కాలు వచ్చింది, బూటు రాలే.
కొంగ లెక్క ఒంటికాలి మీద నిలబడి గుంజుతాంటే
వెనుకనుంచి ఒక పెద్దాయన
మర్యాదగ మోచెయ్యి పట్టుకున్నడు.
"తిమ్మయ్య, రిటైర్డ్ సుబేదార్."
గంత రొప్పుకుంట పేరు చెప్పుడెందుకో.

ఈ గల్లీలు నాకు వేరే తీరు తెలుసు.
పచ్చ గేటు ఇల్లు: మీటరు మెట్ల కింద, బల్లులుంటయి.
మూలమీది కిరాయోళ్లు గీజరు పెట్టాలంటే భయపడతరు.
నెలకోసారి నన్ను జూసి గొంతు చించుకునే డాబర్‌మన్
ఇయ్యాల నేను ఉరుకుతాంటే
అరుసుడు మర్సి నోరు తెరిసి చూసింది.

ఆరో కిలోమీటరు కాడ గంట మోగింది.
గేటు పడ్డది.

మౌలాలి దిక్కు నుంచి గూడ్సుబండి, తొందర లేకుంట.
గెలుస్తడని అందరికీ ఎరుకైన పోరడు నిహాంత్
కడ్డీ మీద రెండు చేతులు పెట్టి తల వంచిండు.
గెలుపు గట్ల ఆగి నిలబడుడు నేనెన్నడూ చూడలే.
ఒక్కొక్కలం వచ్చి కలుస్తున్నం.
మూరెడు ముందున్నోళ్లు, ఫర్లాంగు ఎనుకున్నోళ్లు
అందరం ఒక్క కడ్డీ కాడ.

బొగ్గు డబ్బాలు. లెక్కపెట్టుడు నా పాడు అలవాటు.
ఇరవై మూడు కాడ లెక్క తప్పబోయింది:
మా ఒంట్ల మీంచి ఆవిరి లేస్తాంది.
నిహాంత్ భుజాల మీంచి, సుబేదారు బట్టతల మీంచి,
నా తడి పంజాబీ డ్రెస్సు చేతుల మీంచి,
ఇడ్లీ కుండ మూత తీసినట్టు.
పైన కలిసిపోయినంక
విడదీసి ఎవరి బిల్లు వాళ్లకు కొట్టలేం.

సుబేదారు గడియారం ఆపిండు.
"ఈ టైము లెక్కకు రాదు."
నాకు మనసున పట్టలే. నా నౌకరీల
ఇంట్ల మనుషులు లేకున్నా
ఏదో మూల ఒక బుగ్గ వెలుగుతనే ఉంటది,
చక్రం తిరుగుతనే ఉంటది.
ఇదే లెక్క పెద్దమనిషీ, అందామనుకున్న.
దగ్గొచ్చింది.

యాభై ఎనిమిది. ఆఖరు పెట్టెల మంకీ క్యాపు గార్డు
"ఏం లొల్లి, ఎందుకురుకుతుర్రు?" అని కేకేసిండు.
"ఊకెనే!" అన్నరెవరో.

కడ్డీ సగం లేవంగనే దూరిన. పొట్టిదాన్ని గద.
మూడడుగులు, నాలుగేమో,
రెండు వందల మందిల నేనే ముందు.
ఐదో అడుగుకు నిహాంత్ గాలి లెక్క దాటిండు,
ఆయన ఎనుక అందరూ.

నూట అరవై ఎన్నోదాన్ని అయిన.
అల్లం చాయ్, అరటిపండు, మెడల రేకుబిళ్ల.
అంకె పూరాగ కారిపోయింది.
రాసుకునే పిల్ల కండ్లు చిన్నగ చేసి
"నంబరెంత ఆంటీ?" అన్నది.
గిన్నేండ్లకు నా రీడింగు ఒకలు అడిగిర్రు.
నోటితోని చెప్పిన.

సోమవారం పచ్చ గేటు ఇంట్ల
మెట్ల కిందికి వంగలేక వంగిన.
తొడలు రెండూ మొత్తుకున్నయి.
బల్లి పక్కకు జరిగింది.