రసీదు పుస్తకం

రుస్తావి శివార్లలో పాత కార్ల సంత.
బానెట్ల మీద ఫిబ్రవరి మంచు కరగలేదింకా.
నుగ్జార్ స్టీరింగు కిందికి వంగి
ల్యాప్‌టాపు వైరు గుచ్చుతాడు.
టీ చల్లారేలోపు
రెండు లక్షల పదకొండు వేలు
ఎనభై ఏడు వేలవుతుంది.

తగ్గిన లక్షా ఇరవై నాలుగు వేల కిలోమీటర్లు
ఎక్కడో జర్మనీలో ఎవరో తిరిగినవే.
వెనక సీట్లో ఏ పసివాడో కక్కుకుని ఉంటాడు,
ఏ మొగుడూ పెళ్లామో
రాత్రంతా పలకరించుకోకుండా ప్రయాణించి ఉంటారు.
అదంతా ఎటు పోయినట్టని అడిగాను ఒకసారి.
"మీటరుకు మతిమరుపు వస్తే మనమేం చేస్తాం"
అన్నాడు, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

నేనతని లెక్కలు రాస్తాను.
ఆ పనికి ఖాతాలో నేను పెట్టిన పేరు: శుభ్రపరచుట.
అతను చెప్పలేదు, నాకే తోచింది.
మంచి దస్తూరీ నాది.

దుషెతీ నుంచి త్సియాలా అనే మంత్రసాని వచ్చింది.
కొండ మీది ఊళ్లకు
వేళ కాని వేళ వెళ్లాలట, పురుళ్లకు.
ఉన్ని మేజోడులోంచి నోట్లు తీసి
రెండుసార్లు లెక్కపెట్టింది.
నుగ్జార్ మాట నాన్చాడు.
"రేపు తీసుకెళ్లమ్మా, బ్రేకులు చూడాలి."

ఆ రాత్రి నేను తాళాలు వేసేసరికి
లైటు పెట్టుకుని కారు కింద పడుకుని ఉన్నాడు.
నాలుగు చక్రాలకూ కొత్త ప్యాడ్లు, అసలైనవి,
ఆ బేరంలో మిగిలేదాన్లో సగం.
"ఏ పద్దు కింద రాయను?"
"రాయకు."
అంకెలు మాత్రం మళ్లీ ముందుకు తిప్పలేదు.

తప్పుకేమో మారుపేరు, దీనికసలు పేరే లేదు.
మా లెక్క ఏ ఆడిటరుకు చిక్కుతుంది?

పొద్దున త్సియాలా అతన్ని అడగలేదు,
నా వైపు తిరిగింది:
"నిజంగా ఇంతే తిరిగిందా?"

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
కార్లు నిలబడేవి కావు కదా.
పిల్లలకు బూట్లు కొనాల్సిన నెల.
నా గొంతు నాకే వినబడింది,
"బ్రేకులు కొత్తవి. కొండ దిగేటప్పుడు భయం లేదు."
ప్రతి ముక్కా నిజమే.
ఆమె నా చెయ్యి పట్టుకుని ఊపింది,
ఎంత వెచ్చటి చెయ్యి.

రసీదు మీద ముద్ర గట్టిగా కొట్టానేమో
సిరా కింది కాగితానికి దిగింది.
ఇంకా ఎవరికీ రాయని రసీదు అది.
చింపేద్దామనుకున్నాను.
నంబర్ల వరస తప్పుతుందని
ఊరుకున్నాను.