వీధి నడుమ గీత

ఫ్రెస్నోకి దక్షిణాన మా పట్నం.
కౌన్సిల్లో ఐదు కుర్చీలు,
ఐదుగురూ గోల్ఫ్ మైదానం పక్క వీధివాళ్లే.
ఓటు మాత్రం ఊరంతా వేసేవాళ్లం.
రైలు పట్టాలకు ఇవతల
మా వీధిదీపం ఆరిపోయి రెండు చలికాలాలు.

కోర్టు దాకా వెళ్లాక
లైబ్రరీ బల్ల మీద పటం పరిచారు.
ఎర్ర పెన్సిలు కాలువ వెంబడే నడిచి
టైర్ల కొట్టు దగ్గర మలుపు తిరిగి
సరిగ్గా మా వీధి నడుమ నుంచి పోయింది.
ఇటు మూడో వార్డు. అటు నాలుగు.

బాదం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే ఒఫీలియా
మూడులో నిలబడింది.
మోచేతుల దాకా పొట్టు దుమ్ముతో తలుపు తట్టి
ఓటు సంగతి ఎత్తకుండా
"దీపం ఎప్పుడు పోయింది?" అంది.
రాసుకుంది, తేదీతో సహా.

ఎదురింటి ముసలి హెర్మినియో,
చిన్నప్పుడు ఆమెకి సైకిలు నేర్పినాయన,
గుమ్మంలోంచే చూస్తూ ఉండిపోయాడు.
ఆయన ఓటు ఆమెకు చేరదు.
ముప్పై అడుగుల తారు అడ్డం.

పదిహేడు ఓట్లతో గెలిచింది.
మార్చి వెళ్లింది, ఏప్రిల్ వెళ్లింది, చీకటే.
అప్పట్లాగే ఇదీనేమో అనుకున్నాను,
ఆ మాట ఆమెతో అన్నాను కూడా.

నిన్న సాయంత్రం ఒకడు వచ్చి
స్తంభానికి నిచ్చెన ఆనించాడు.
హెర్మినియో చెప్పులేసుకుని
రోడ్డు దాటి వచ్చి
నిచ్చెన పట్టుకున్నాడు.